సంగీత ఆట ఆపిన రోజు

కోరుట్లలో బీడీలు చేసే సంగీతకు ఫోన్‌లో ఆటలాడే పిచ్చి ఎక్కడ పట్టిందో ఆమె అత్త మొగిలవ్వకు ఈనాటికీ అంతుచిక్కదు. చేట ఒళ్లో పెట్టుకుంటే ఆకు మడతపడడం కనిపిస్తుంది గానీ వేళ్లు కనిపించవు. ఆ వేళ్లే ఫోన్ మీదా ఆడాయి. బండ్ల పందెం ఆటలో ఆమెను ఓడించే మగాడు చుట్టుపక్కల లేడు. "ఆడదానికి ఆటలేంది?" అని మూతి తిప్పినవాళ్లే తలుపులేసుకుని ఆమె ఆట చూసేవాళ్లు. సిగ్గులేని జనం!

ఆ పేరు విని జగిత్యాల నుంచి సేవాసంఘం మహేందర్ వచ్చాడు. సిరిసిల్లలో ధర్మానికి నడిచే పిల్లల దవాఖానకు ఊపిరి మిషన్ కావాలి. సంగీత పొద్దున మొదలుపెట్టి మర్నాటి పొద్దుదాకా ఆపకుండా ఆడాలి, ఫోన్లలో చూసేవాళ్లు తోచినంత డబ్బు పంపాలి, ఇదీ అతని ఆలోచన. సంగీత ఒప్పుకుంది, ఒక్క షరతు మీద.

"రోగమున్న పిల్లలను సూపెట్టద్దన్నా. నేను ఆడేది సూపెట్టు, చాలు."

ఒకప్పుడు ఆమె బిడ్డ సింధూజ జబ్బుపడి అదే దవాఖానలో ఉన్నప్పుడు ఎవరో దాతలు వచ్చి, చేతిలో పండ్లు పెట్టి ఫొటో దిగి వెళ్లిపోయారు. ఆ ఫొటో ఊరంతా తిరిగింది. పిల్ల కోలుకుని బడికి పోతే తోటివాళ్లు "అడుక్కున్న పిల్ల" అన్నారు. పండ్లు అప్పుడే అయిపోయాయి. ఆ పేరు మాత్రం బడి మార్చినా పోలేదు.

మహేందర్ తలూపాడు. తలూపడానికి ఏం పోయింది?

అనుకున్న రోజు మధ్యాహ్నం దాకా ఆట జోరుగా సాగింది. సంగీత చేయాల్సిన బీడీలను వాడకట్టు ఆడవాళ్లు తలా ఇన్ని చేసిపెడుతున్నారు. మొగిలవ్వ పక్కన కూర్చుని కోడలికి అన్నం ముద్దలు తినిపిస్తోంది. అంతలో తెర మూలన ఒక పిల్లాడి మొహం వచ్చింది. ముక్కులో గొట్టం, చేతికి సూది. కింద సంఘం పేరు, మహేందర్ ఫొటో. దవాఖాన నుంచి లైవ్ అట. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటినాక బోడి మల్లన్న!

బీడీ కార్ఖానాలో అన్యాయం జరిగితే ఆ ఆడవాళ్లు అరవరు. చేట బోర్లిస్తారు, అంతే. సేటు దిగొచ్చేదాకా ఎత్తరు. సంగీత ఫోన్‌ను చాప మీద బోర్లించింది. చూస్తున్నవాళ్ల తెర మీద ఆమె బండి నడిరోడ్డున నిలబడిపోయింది. మైకు మాత్రం పనిచేస్తూనే ఉంది.

"ఏమైందక్కా? ఆడు. జనం పోతున్నరు," అని దవాఖాన దగ్గరున్న మహేందర్ గొంతు.

"గా పిలగాణ్ని తియ్యి."

"మంచి పనికే గదా! గది సూస్తెనే పైసలు పడుతున్నయి. మిషన్ వద్దా నీకు?"

సంగీతకు ఒళ్లు మండిపోయింది. మిషన్ కోసమే కదా కళ్లు నీళ్లు కారేదాకా ఆడుతోంది! తాను ఆగితే ఊపిరాడక తన్నుకునేది ఇలాంటి పసివాళ్లే. అది తెలిసే వాడు ఆ మెలిక పెట్టాడు.

"మిషన్ గావాలె. దానికి పిలగాని మొఖం కిరాయికియ్యాల్నా? నీ కొడుక్కు జరమొస్తె గిట్లనే సూపెడతవా?"

"తల్లిని అడిగినమక్కా, ఒప్పుకుంది. వీర్నపల్లి కృపారాణి. గిదో, పక్కనే ఉన్నది. నువ్వే చెప్పమ్మా, ఒప్పుకున్నవా లేదా?"

ఒక సన్నటి గొంతు, చూస్తున్నవాళ్లందరికీ వినిపించేటట్టు వచ్చింది.

"వద్దంటే పిలగానికి మందులియ్యరేమోనని ఊకున్నక్కా."