రాడార్ గుండు వెనకాల నడిచిన రాత్రి

ఇందులో అబద్ధాలు వస్తాయి. వచ్చినచోట నేనే ఒప్పుకుంటాను. మిగిలింది మాత్రం నా మనవరాలి మీద ఒట్టు... జరిగింది.

అరబ్బు దేశంలో, మదీనత్ ఖలీఫాలో ఒక ఇంటికి డ్రైవర్ని. పోయిన చలికాలం యజమాని ఎడారిలో గుడారాలు వేయించమంటే, అదే ఇంట్లో తోటపని చేసే జగిత్యాల మల్లేశ్‌తో ముందుగా బయలుదేరాను. చీకటిపడే వేళకు బండి ఇసుకలో కూరుకుపోయింది. చక్రం కింద వెయ్యడానికి కంప ఏరుతుంటే మల్లేశ్ కాలిని పాము కరిచింది.

నా ఫోన్ చచ్చింది. వాడి డబ్బా ఫోన్లో సిగ్నల్ లేదు. దుమ్ము కమ్మేసింది... పైన ఒక్క చుక్క లేదు. రాస్ లఫాన్ రోడ్డు ఉత్తరాన ఉందని తెలుసు. ఉత్తరం ఎటో తెలియదు.

కాలు పొంగుతోంది. వాడి పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"ఎటు పోతవ్ కాకా? తొవ్వ ఎర్కేనా నీకు?"

"రాడార్ ఆఫీసర్‌గా చేశాన్రా. ఆకాశం నాకు కొట్టినపిండి."

"నిన్నే నమ్ముకున్న. జల్ది రా కాకా."

అప్పుడు... ఆకాశంలో ఒక వెలుగు కనిపించింది.

తెల్లగా... రెప్పపాటు లేకుండా... చప్పుడు లేకుండా. ఒక్కటే. నెమ్మదిగా పోతోంది.

గుండు అనుకున్నాను. రాడార్ చూపు సరిగ్గా ఉందో లేదో సరిచూసుకోవడానికి వెనకటి మిలిటరీవాళ్ళు భూమి చుట్టూ తిరిగేలా పైకి వదిలిన లోహపు గుండు. దీపం ఉండదు, యంత్రం ఉండదు; పైనున్న ఎండ తగిలి మెరుస్తోందనుకున్నాను. ఉత్తరానికి పోతుంది. డ్యూటీ ఎక్కగానే మా రాడార్ వాళ్ళు ముందు దాన్నే పట్టుకునేవారు. అది దొరికితేనే మిగతావి నమ్మేవారు.

అది నా నెత్తిమీద ఆగింది... లేదు, అబద్ధం. ఆగలేదు. నన్ను పేరుపెట్టి పిలిచింది... అదీ అబద్ధం. దుమ్ములో కలిసిపోయింది, అంతే.

మల్లేశ్‌ని బండిలో పడుకోబెట్టి, దీపాలు వెలిగించి, వాటిని వీపుకు పెట్టుకుని, అది పోయిన వైపే నడిచాను. దీపాలు మాయమయ్యాక... ఏడుస్తూ నడిచాను. తప్పు దిక్కయితే వాణ్ణి నేనే చంపినట్టు.

రోడ్డు తగిలింది. షిఫ్టు బస్సు ఆగింది. అంబులెన్స్‌తో తిరిగి వెళ్ళేసరికి మల్లేశ్‌లో ఊపిరి ఉంది.

ఇప్పుడు పెద్ద అబద్ధం. నేను ఆఫీసర్‌ని కాదు. ఆ రాడార్ గది తుడిచేవాణ్ణి. గుండును తెరమీద మచ్చగా తప్ప ఎన్నడూ చూడలేదు. తరవాత మా పాత సార్‌కి ఫోన్ చేసి అడిగాను. అది గుమ్మడికాయంతే ఉంటుందట. కంటికి ఆనదట. పైగా ఒకసారి ఉత్తరానికి పోతే మరోసారి దక్షిణానికి పోతుందట.

మరి నేను దేని వెనక నడిచాను?

ఆసుపత్రిలో మల్లేశ్ నా చెయ్యి పట్టుకున్నాడు. "తొవ్వ ఎట్ల దొరికింది కాకా?"

నోరు తెరిచాను. చెప్పడానికి... ఒక్క అబద్ధం కూడా దొరకలేదు.