బిళ్ళ ఆనించిన తీగ

కరోనా సద్దుమణిగిన మరుసటి చలికాలం, కువైట్‌లో ఫర్వానియాలోని ఒక రికార్డింగు స్టూడియోలో సీనియర్ సౌండ్ ఇంజనీరుగా ఉన్నప్పుడు, నాకొక హెవీ మెటల్ ఆల్బం పని అప్పగించారు. అప్పటిదాకా మేము చేసినవి ఎక్కువగా ప్రకటనల గొంతులే. గొంతు వెనక బుసనూ ఏసీ హోరునూ తీసేయడంలో నాకు పేరుండేది.

ఆల్బం ఫహద్ అనే కువైటీ గిటారిస్టుది. గిటార్ల మోత మధ్య బ్రెజిల్ సంప్రదాయ వాద్యం వినిపించాలని అతని కోరిక. అందుకోసం రఫాయెల్ అనే మిత్రుణ్ణి తీసుకొచ్చాడు. జిమ్ములో పాఠాలు చెప్పే బ్రెజిల్ మనిషి. అతను వాయించేది బెరింబావ్: విల్లులా వంచిన కర్ర, ఒకే తీగ, అడుగున ఎండు సొరకాయ బుర్ర. ఒక చేత్తో తీగను పుల్లతో కొడుతూ, రెండో చేత్తో వంద ఫిల్సుల నాణెపు బిళ్ళను దానికి ఆనిస్తాడు. గట్టిగా నొక్కితే స్వరం మారుతుంది. వదులుగా ఆనిస్తే తీగ జుమ్మంటుంది.

టీ తెచ్చిన ఆఫీసు సహాయకుడు ఓబులేసు, రాయచోటి మనిషి, అక్కడే నిలబడిపోయాడు. "ఈయప్ప ఒంటి తీగతోనే ఇంత పని జేస్తాండాడే! మనకిన్ని మిషన్లు యాల సార్?" అని నాతో అని, టీ ఇవ్వడానికి లోపలికెళ్ళాడు. రఫాయెల్ బిళ్ళను అతని వేళ్ళ మధ్య పెట్టి, చెయ్యి పట్టుకుని ఆనించడం చూపించాడు. నేను అద్దానికి ఇవతల మీటర్లు చూసుకుంటున్నాను.

ఆ సాయంత్రమే రికార్డును శుభ్రం చేశాను. అక్కర్లేని శబ్దం ఉన్న చిన్న ముక్కను కంప్యూటరుకు చూపిస్తే, అలాంటిదంతా రికార్డులోంచి తీసేస్తుంది. నేను చూపించింది ఆ జుమ్మునే. బిళ్ళ పట్టు జారిందనుకున్నాను. అడగలేదు. మా అలవాటు ప్రకారం అసలు ఫైలు మీదే సేవ్ చేశాను. ప్రకటనలకు అది చెల్లేది. తేడా వస్తే మనిషిని మళ్ళీ పిలిచేవాళ్ళం.

పది రోజులకు రఫాయెల్ గుండెపోటుతో పోయాడు. శవపేటిక బ్రెజిల్ విమానం ఎక్కిన మర్నాడు ఫహద్ వచ్చి, ఆ పాట రఫాయెల్ తల్లికి పంపాలన్నాడు. వినిపించాను. ముందు అడిగింది టీ ఇస్తున్న ఓబులేసు.

"సార్, ఆ జుమ్మనేది యాడికి పాయ?"

"అది రొద, ఓబులేసూ. తీసేశాను."

"రొద గాదు సార్. ఆయప్ప నా చెయ్యి బట్టుకోని నేర్పిచ్చింది అదేగదా."

ఫహద్‌కు తెలుగు రాదు. మా ముఖాలు చూసి సంగతి అడిగాడు. చెప్పాను. అసలు రికార్డు పెట్టమన్నాడు. లేదన్నాను. అతను తిట్టలేదు. "ఖలాస్, అంకుల్" అని లేచాడు.

మా నాన్న అమలాపురంలో భజనల్లో తంబురా పట్టేవారు. తీగ కింద దారప్పోగు జరిపి, అది జుమ్మనేదాకా పాట ఎత్తుకునేవారు కాదు. పక్కన కూర్చుని అదంతా చూసినవాణ్ణి నేను.

ఆల్బం వచ్చింది. ఆ పాటలో తీగ శుభ్రంగా మోగుతుంది. తల్లికి పంపాడో లేదో ఫహద్‌ను అడగలేదు. ఆ తర్వాత నకలు మీదే పనిచేశాను. ఏది రొదో వాయించినవాళ్ళనే అడిగాను. ఈ రెండూ ఈ వృత్తిలో మొదటి వారం నేర్చుకోవలసినవి. నేను ఆఖరి ఏడాది నేర్చుకున్నాను.