తక్సీం అన్నది నేను

మాట అన్నది నేను. పని పోయింది అతనికి. నాలుగు రోజుల్లో వీసా రద్దు చేసి, ఎందుకని అడిగే వ్యవధి కూడా ఇవ్వకుండా విమానం ఎక్కించారు. అది అన్యాయమని తెలిసినవాళ్ళం ఇద్దరమే. నేను చెబితే వినేవాడు లేడు. ఎవరు చెబితే వింటారో ఆ రెండో మనిషి నోరు తెరవలేదు. ఇన్నేళ్ళయినా తలచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఇది మస్కట్ దగ్గర వాడి కబీర్ అనే చోట, డెబ్భై ఏడో సంవత్సరంలో జరిగింది. ఇప్పుడక్కడ బడి బస్సులు, ఫ్లాట్లు అంటున్నారు గానీ మేమున్నప్పుడు కొండల నడుమ రేకుల షెడ్లు, నూనె మరకల నేల, అంతే. మా కంపెనీ బోర్లు వేసి పంపులు బిగించేది. నేను స్టోర్ చూసేవాణ్ణి. చదివింది నాలుగో తరగతి, అదీ నిజాం కాలంలో, ఉర్దూలో. తెలుగు చదవడం పెద్దయ్యాక పేపర్లు చూసి నేర్చుకున్నాను. ఇంగ్లీషు మాత్రం స్టోర్‌లో డబ్బాల మీది అక్షరాలతో మొదలుపెట్టాను. ఆ ఇంగ్లీషే కొంప ముంచింది.

కంపెనీ సైప్రస్ వాళ్ళది. సైప్రస్ అంటే మధ్యధరా సముద్రంలో ఒక దీవి. గ్రీకు మాట్లాడేవాళ్ళు ఎక్కువ, తుర్కీ మాట్లాడేవాళ్ళు తక్కువ. డెబ్భై నాలుగులో ఒక్క ఎండాకాలంలోనే ప్రభుత్వం కూలడం, తుర్కీ సైన్యం దిగడం, దీవికి అడ్డంగా గీత పడడం అన్నీ అయిపోయాయి. గీతకు ఉత్తరాన ఉన్న గ్రీకులు కట్టుబట్టలతో దక్షిణానికి, దక్షిణాన ఉన్న తుర్కీలు ఉత్తరానికి పోయారు. మా ఫోర్మన్ గ్రీకువాడు, ఉత్తరాన అతని నారింజ తోట పోయింది. మా మెకానిక్ తుర్కీవాడు, దక్షిణాన అతని గ్యారేజీ పోయింది. యుద్ధానికి ముందునుంచీ కంపెనీలో ఉన్న మనిషి. పంపు విప్పి బిగించడంలో అతనికి సాటి లేడు కాబట్టి కంపెనీ అతన్ని వదులుకోలేదు.

అతన్ని నేను ఉస్తాద్ అనేవాణ్ణి. వాళ్ళ భాషలోనూ పనిమంతుణ్ణి 'ఉస్తా' అంటారట. దోస్త్, దునియా, కితాబు, ఒక్కొక్క మాటా కలుస్తూ పోయింది. హక్కు మన మాటే అనుకుంటాం కదా, అతను కూడా 'హక్' అనేసరికి ఇద్దరం నవ్వుకున్నాం.

నా స్టోర్‌లో ఫ్యాను ఉండేది. అందుకని మధ్యాహ్నం తిండి ముగ్గురం అక్కడే. తిండికి కూర్చోగానే వాళ్ళిద్దరికీ దీవి గొడవ మొదలయ్యేది. గ్రీకులో మొదలుపెట్టి, నన్ను సాక్షిగా పెట్టుకోవాలనిపించినప్పుడు ఇంగ్లీషులోకి దిగేవాళ్ళు. గీత చెరిపేయాలి, ఎవరింటికి వాళ్ళు పోవాలి, మనిషికొక ఓటు ఉండాలి అని ఫోర్మన్ వాదన. మనిషికొక ఓటయితే మీరు నలుగురు, నేనొక్కణ్ణి, ప్రతిసారీ ఓడిపోయే ఓటు నేనేం చేసుకోవాలి అని ఉస్తాద్ అడిగేవాడు. గీత పడకముందు కూడా తమ పేటలోకి సిమెంటు, బ్యాటరీలు రానివ్వకుండా గ్రీకు పోలీసులు చెక్‌పోస్టులో ఆపిన రోజులు ఎత్తి చూపేవాడు. మంచి తోటలు, పెద్ద ఓడరేవు, హోటళ్ళు మీకే పోయాయి కదా అని ఫోర్మన్ అంటే, రేవు మాదే, ఓడలే రావు, మీ ప్రభుత్వం ముద్ర లేదని మా నారింజ కాయ కొనడానికి జంకుతున్నారు అని ఇతను. ఉస్తాద్ భార్యాపిల్లల్ని ఉత్తరాన ఎవరో గ్రీకు మనిషి ఇంట్లో పెట్టారు. ఆ ఇంటికి కొత్త తలుపు చేయించుకోవడానికి కూడా అతనికి మనసొప్పేది కాదు. ఇల్లు సొంతమైనవాళ్ళు రేపు వస్తే ఏం చెప్పాలి? రాకపోతే ఎన్నాళ్ళు పాత తలుపుతో ఉండాలి?

ఒక్క విషయంలో మాత్రం పోట్లాట ఉండేది కాదు. ఫోర్మన్ తోట ఉన్నది సముద్రం పక్క నేల. బావిలోంచి అతిగా తోడితే ఉప్పు నీళ్ళు ఎక్కుతాయి. అక్కడ కొత్తగా దిగినవాళ్ళకి ఆ సంగతి తెలుసా, పంపు ఎన్ని గంటలు నడుపుతున్నారు అని అతని బెంగ. ఉస్తాద్ ఇంటికి ఉత్తరం రాసినప్పుడల్లా కనుక్కునేవాడు, జవాబు వస్తే చదివి వినిపించేవాడు.

ఆ ఏడు మొదట్లో ఇద్దరు నాయకులు కూర్చుని, రెండు భాగాలతో ఒకే దేశమని ఏదో ఒప్పుకున్నట్టు రేడియోలో వచ్చింది. అది ఎట్లా కుదురుతుందని ఫోర్మన్ తల పట్టుకున్నాడు. అప్పుడు నేను కలుగజేసుకున్నాను. కలపడమంటే ఏమిటో నాకు తెలుసు. యాభై ఆరులో మా తెలంగాణను ఆంధ్రతో కలిపారు. ఉద్యోగాలు ఇంత, నీళ్ళు ఇంత అని పెద్దలు కాగితం రాసుకున్నారు, కాగితం నిలబెట్టుకోలేదు. అరవై తొమ్మిదిలో మా పిల్లల మీద కాల్పులు జరిగాయి. ఆ తరువాత చాలా ఏళ్ళకు, రెండు వేల పద్నాలుగులో, విడిపోవడం కూడా చూశాను. అందుకే కౌగిలింతల మీద నాకు నమ్మకం లేదు, రాసుకున్న కాగితం అమలు చేసేవాడెవడన్నదే చూస్తాను. ఆ రోజు వాళ్ళకి మా ఊరి తక్సీం సంగతి చెప్పాను.

మా వైపు అన్నదమ్ములు వేరుపడి భూమి పంచుకోవడాన్ని తక్సీం అంటారు. కచ్చేరి కాగితాల్లోనూ అదే మాట. భూమి పంచుకుంటారు గానీ బావి పంచుకోరు. మూడు రోజులు పెద్దోడి వంతు, మూడు రోజులు చిన్నోడి వంతు. పూడిక తియ్యాలంటే ఇద్దరి మనుషులూ దిగాలి. బావి కాడికి పోయే బాట ఇద్దరిదీ. తక్సీం అయిన తరువాతే మా ఊళ్ళో అన్నదమ్ములు మళ్ళీ మాట్లాడుకునేది.

ఆ మాట వినగానే ఉస్తాద్ తినడం ఆపేశాడు. వాళ్ళ భాషలోనూ అదే మాటట. కుర్రతనంలో ఊరేగింపుల్లో ఆ మాటే అరిచామని, దీవిని రెండుగా కోయమని దానర్థమని చెప్పాడు. బావి ఉమ్మడిగా ఉండే తక్సీం తానెన్నడూ వినలేదన్నాడు. ఫోర్మన్‌కు ఆ మాట వింటేనే గిట్టదు. అయినా ఆ రోజు కోపం తెచ్చుకోలేదు, నా చేత రెండోసారి చెప్పించుకున్నాడు. వంతు తప్పితే ఎవరు అడుగుతారని అడిగాడు. ఊరి పెద్దమనుషులన్నాను.

"మాకూ వచ్చారు పెద్దమనుషులు, నీలం టోపీలు పెట్టుకుని. గీత మీద నిలబడి లెఫ్ట్ రైట్ చేస్తున్నారు" అన్నాడు.

ఐక్యరాజ్యసమితి సైనికుల సంగతి అది. ముగ్గురం నవ్వాం. అంటే నా తక్సీం ఫోర్మన్‌కు అర్థమైంది. ఈ ముక్క పాఠకులు గుర్తుంచుకోవాలి.

రెండు నెలలకు మస్కట్ ఆఫీసు నుంచి మేనేజర్ వచ్చాడు. అతనూ గ్రీకువాడే. యార్డులో కంప్రెసర్ ఒక్కటే. ఫోర్మన్ బోర్లకూ అదే కావాలి, ఉస్తాద్ వర్క్‌షాపుకూ అదే కావాలి. రోజూ తగాదా. సామాను ఇచ్చేవాణ్ణి నేను గనుక ఏం చేద్దామని మేనేజర్ నన్నే అడిగాడు. పెద్దమనిషి అడిగాడన్న సంబరంలో నా ఇంగ్లీషంతా కూడగట్టుకుని చెప్పాను.

"తక్సీం, సార్. తక్సీం బెస్ట్. ఉస్తాద్ ఆల్సో సేయింగ్ తక్సీం."

నేను చెప్పాలనుకున్నది వేరు. వంతులు వేసుకుందాం సార్, ఈ మాట ఉస్తాద్ భాషలోనూ ఉంది అని. నోట్లోంచి వచ్చింది మాత్రం అది. మేనేజర్ ముఖం మారిపోయింది. నీకు ఆ మాట ఎవరు నేర్పారన్నాడు. మా ఊరి మాట సార్ అంటే నమ్మలేదు. ఇండియావాడి నోట ఆ మాట దానంతటదే వస్తుందా? తుర్కీవాడు కూలీలను కూర్చోబెట్టి రాజకీయం నూరిపోస్తున్నాడని తీర్మానించుకున్నాడు. ఫోర్మన్‌ని పిలిచి, నీకేమైనా తెలుసా అని నా ముందే అడిగాడు. ఫోర్మన్ నా వైపు చూశాడు, కంప్రెసర్ వైపు చూశాడు, తెలియదన్నాడు.

తెలియదట! నా చేత రెండుసార్లు చెప్పించుకున్న మనిషి.

ఉస్తాద్ పోయేటప్పుడు తన పనిముట్ల పెట్టె సర్దుకుంటూ, ఏ పంపుకు ఏ వాషరు వేయాలో నాకు అప్పజెప్పి పోయాడు. తిట్టినా బాగుండేది.

నా రూమ్‌లో భీమవరం వైపు ఆయన ఒకరుండేవారు, ఆసుపత్రిలో కాంపౌండరు. ఆదివారం ప్రార్థన తప్పని మనిషి. సంగతంతా విని, "తక్సీమేంటండీ బాబూ, మా వైపు పంపకాలంటాం. మీరు మా తెలుగు నేర్చుకుని ఉంటే ఆయన ఉద్యోగం మిగిలేది" అన్నారు. నాకు నవ్వు రాలేదు. "మీతోని కలిసినందుకు గదొక్కటే తక్కువైంది" అన్నాను. అయినా మేనేజర్‌కు మొదటి ఉత్తరం నేనే రాస్తే, రెండోది మంచి ఇంగ్లీషులో ఆయనే రాసిపెట్టారు. మాట నాది, అర్థం ఇది, శిక్ష నాకు వేసి మెకానిక్‌ను వెనక్కి పిలవండి అని. రెండింటికీ జవాబు లేదు. ఆఫీసుకు పోతే గుమాస్తా నన్ను కూర్చోమని కూడా అనలేదు.

ఇంతలో ఫోర్మన్‌ను బురైమి సైట్‌కు మార్చారు. అక్కడికి పోయే లారీ డ్రైవర్ చేతికిచ్చి మూడో ఉత్తరం అతనికే పంపాను. ఈసారి మొహమాటపడలేదు. నీ తోట నీకు కావాలన్నావు, అది న్యాయమే, నేనూ నీ వైపే. కానీ నీ దీవిని కలిపేది నాయకులు కాదు, నువ్వూ అతనూ కలపాలి. కంప్రెసర్ దగ్గర ఒక్క నిజం చెప్పలేనివాడివి రేపు అతని పక్కింట్లో ఎట్లా కాపురం ఉంటావు? అర్థం కాలేదని మాత్రం రాయకు, నీకు అర్థమైంది. ఎందుకు చెప్పలేదో అదొక్కటే రాయి అన్నాను. ఏడాది దాకా ఉలుకూ పలుకూ లేదు. తరువాత అదే లారీలో, స్పేర్ పార్టుల రసీదు వెనక రాసిన జవాబు వచ్చింది. నాకు వచ్చినంతలో తెలుగులోకి తిప్పుతున్నాను.

"నువ్వు చెప్పింది నాకు అర్థమైంది. అర్థమైందని అక్కడ ఒప్పుకుంటే దీవికి ఆ బావి పద్ధతి నాకూ ఇష్టమేనా అని తరువాతి ప్రశ్న వచ్చేది. ఇష్టమేనని చెప్పాల్సి వచ్చేది. అట్లా చెప్పినవాడికి మా వాళ్ళలో పనీ ఉండదు, తోట తిరిగి అడిగే నోరూ ఉండదు. అతనికి ఒక ఉద్యోగమే పోయింది. ఇంకెప్పుడూ నాకు రాయకు."