బాగుందన్నారు

షాహీదాబీ మా అంగడిలో పదకొండేళ్ళు పనిచేసింది. ప్రొద్దుటూరు బట్టల అంగళ్ళ వీధిలో, మేడ మీద గదిలో, చీరలకు ఫాల్స్ వేసి జాకెట్లు కుట్టే అంగడి నాది. ఆమెది జమ్మలమడుగు. పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు పోయేది. భర్త ముబారక్ కువైట్‌లో డ్రైవరు, రెండేండ్లకోసారి వచ్చేవాడు. ఒక్కతే కూతురు మహీన్, పులివెందులలో ఇచ్చినారు. షాహీదా ఫాల్ వేస్తే కుట్టు పైకి కనిపించేది కాదు. "మా ఫాల్స్ ఆమె" అని గిరాకీలకు గొప్పగా చెప్పుకునేదాన్ని. పేరు చెప్పిన గుర్తు లేదు.

ఆమె గుండెలో ఏదో ఉందని తెలిసింది జమ్మలమడుగులో పెట్టిన ఒక ఉచిత వైద్య శిబిరంలో. డాక్టరు ఎద మీద స్టెతస్కోపు పెట్టి, ఒక నిమిషం విని, పక్కనున్న కుర్ర డాక్టర్లను పిలిచినాడు. ఒకరి తర్వాత ఒకరు ఐదుగురు విన్నారు. "వాళ్ళ మొగాలు వెలిగిపోయినాయక్కా, నా గుండెలో పాట వస్తాందేమో" అని మరుసటి రోజు నవ్వుకుంటా చెప్పింది. మాత్రలు రాసిచ్చినారు, ఫోన్ నెంబరు రాసుకున్నారు.

ఆ తర్వాతి ఏడాది ఒక మెడికల్ కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. పరీక్షలు జరుగుతున్నాయి, డాక్టరు చదివే పిల్లలకు చూపించడానికి జబ్బున్నవాళ్ళు కావాలి, ఒక్క పూట మంచం మీద పడుకుంటే చాలు, బండి పంపిస్తాం అన్నారు. పోయింది. పిలుచుకుపోయిన అటెండరు ఫోనులో ఆమె పేరు 'ఎం.ఎస్. జమ్మలమడుగు' అని ఉందంట.

"ఎం.ఎస్. ఎవురప్పా? నా పేరు షాహీదాబీ గదా."

"అది నీ జబ్బు పేరుమా. అట్లయితేనే నాకు గుర్తుంటాది."

తిరిగొచ్చిన రోజు ఆమె మిషన్ ముందర కూర్చుని ఊరికే ఉండిపోయింది. ఏమైందంటే చెప్పింది. బురఖా తీసి, మీద దుప్పటి కప్పి పండబెట్టినారు. నర్సమ్మ పక్కనే ఉంది. పిల్లోళ్ళు వచ్చి, చేతులు రుద్దుకుని, ఎద మీద చెయ్యి ఆనించి, చెవి పెట్టి పోయినారు. ఎవరూ తప్పుగా నడుచుకోలేదు.

"చెడ్డగా చూసింటే తిట్టేదాన్నక్కా. వాళ్ళు నన్ను చూడనే లేదు. చీర పరిచి అంచు చూస్తారే, అట్ల చూసినారు."

"ఇంక పోవద్దులే" అన్నాను. కానీ మందులు ఆ కాలేజీ ఆసుపత్రిలోనే ఇస్తారు. పిలిచినప్పుడు పోకపోతే మందుల కాడ ఏమంటారోనని భయం. ప్రతి ఏడూ పోయింది. పోయి పోయి ఒక ఉపాయం నేర్చుకుంది. "ఆ పొద్దు ఒళ్ళు ఆడ పండబెట్టి నేను బయటికి పోతానక్కా. మహీన్ చిన్నప్పుడు ఏం తినేది, ముబారక్‌కు ఏ ఊరగాయ పంపల్ల, అవి తలుచుకుంటా. వాళ్ళు పోయినాక మళ్ళా వస్తా" అనేది. వణికే పిల్లోళ్ళను చూస్తే మాత్రం జాలిపడి, ఎక్కడ చెవి పెడితే వినబడుతుందో వేలితో చూపించేదంట.

ఐదో ఏడు పెద్ద ప్రొఫెసరు స్వయంగా వచ్చి విన్నాడు. పక్కనున్న ఇంకో డాక్టరుతో తెలుగులోనే అన్నాడు: "ఈసారి చాలా బాగుంది. అన్నీ స్పష్టంగా ఉన్నాయి."

ఆమె వచ్చేటప్పుడు మిరపకాయ బజ్జీలు పొట్లం కట్టించుకుని వచ్చింది. "పెద్ద సార్ బాగుందన్నాడక్కా! మాత్రలు పనిచేస్తాండాయి." అంగడిలో అందరం తిన్నాం. రాత్రికి ముబారక్‌కు ఫోన్ చేసి చెప్పిందంట. ఆయన అక్కడ మసీదులో రెండు రకాతుల నమాజు ఎక్కువ చదివినాడంట.

ఆ ఏడే ఆమె మా మేడ మెట్లు మధ్యలో రెండుసార్లు ఆగి ఎక్కడం మొదలుపెట్టింది. నాకు తెలుసు. నా కళ్ళతో చూసినాను. "బిరీన రా షాహీదా, గిరాకీలు కాచుకోనుండారు" అని పైనుంచి కేకేసేదాన్ని. పని మీద శ్రద్ధ తగ్గిందనుకున్నాను తప్ప ఆయాసం అనుకోలేదు.

ఆరో ఏడు కాళ్ళు వాచినాయి. బండి ఎక్కలేకపోతుంటే నేను తోడు పోయినాను. అడ్డంగా పచ్చ తెరలు కట్టిన పెద్ద గది, వరసగా మంచాలు. మొదట ముగ్గురు పిల్లోళ్ళు చూసిపోయినారు. నాలుగో అమ్మాయి పేరు అమూల్య, తెల్ల కోటు మీద రాసి ఉంది. కాగితం చూసుకుంటూ అడిగే ప్రశ్నలన్నీ అడిగింది.

"ఎన్ని దిండ్లు వేసుకుని పడుకుంటారమ్మా?"

"పండుకుంటే ఊపిరాడదు పాపా. గోడకు ఆనుకోని కూర్చోనే నిద్రపోతా."

అమూల్య రాసుకుంటున్నది ఆపింది. "ఆపరేషన్ ఎప్పుడు చేయించుకోమన్నారు?"

"ఆపరేషన్ ఎందుకు? బాగుందన్నారు గదా."

"ఎవరన్నారు?"

"పెద్ద సారే అన్నాడు, పోయినేడు. శానా బాగుందని."

ఆ పిల్ల నా వైపు చూసింది, మళ్ళా షాహీదా వైపు చూసింది. కాగితం పక్కన పెట్టి, మంచం అంచున కూర్చుంది. "అమ్మా, సార్ అన్నది చప్పుడు బాగా వినబడుతోందని. మాకు నేర్చుకోవడానికి బాగుందని. మీ గుండెలో ఒక కవాటం ముడుచుకుపోయింది. జబ్బు ముదిరింది కాబట్టే అన్నీ అంత స్పష్టంగా తెలిసినాయి" అంది. చెప్తూ చెప్తూ ఏడ్చేసింది.

షాహీదా ఏడవలేదు. దుప్పటి గొంతు దాకా లాక్కుంది.

ఇంతలో ప్రొఫెసరు వచ్చినాడు. అమూల్య లేచి నిలబడి, పరీక్షలో చెప్పాల్సిన జబ్బు పేరు చెప్పకుండా, "సార్, పేషెంటుకు ఎవరూ ఏమీ చెప్పలేదు" అంది. ఆయన కేసు కాగితాలు తిరగేసినాడు. ముందు, వెనక, మళ్ళా ముందు. ఆయన ముఖంలో రంగు మారింది. చెడ్డవాడు కాదు, ఆ మాట చెప్పాలి. మందులిచ్చే చోట ఎవరో చెప్పి ఉంటారని ఆయన అనుకున్నాడు. వాళ్ళు, పెద్ద సార్ చూస్తున్నాడు గదా అనుకున్నారు.

"ఈమెకు చదువు వచ్చా? ఇంట్లో ఎవరున్నారు?" అని నన్ను అడిగినాడు.

"నన్నడగండి సార్. నేను ఈడే ఉండా" అంది షాహీదా.

ఇంతలో తర్వాతి వంతుకు గంట కొట్టినారు. ఇంకా ఇద్దరు విద్యార్థులు మిగిలి ఉన్నారని, వద్దంటే వేరే మంచానికి పంపిస్తామని నర్సు మెల్లగా చెప్పింది. లేచి పోదాం పదమన్నాను. షాహీదా తల అడ్డంగా ఊపింది.

"పిల్లోళ్ళకు పరీక్షక్కా. కానియ్యి."

మళ్ళా పడుకుంది. ఆ ఇద్దరూ వచ్చి విన్నంతసేపు కళ్ళు తెరిచి వాళ్ళ ముఖాల్లోకే చూసింది. ఒక పిల్లోడు ఆ చూపుకు తట్టుకోలేక స్టెతస్కోపు జారవిడిచినాడు.

ప్రొఫెసరే తిరుపతిలో ఒక పెద్ద ఆసుపత్రికి రాసిచ్చి, అంబులెన్సు మాట్లాడించినాడు. అక్కడ పది రోజులు ఉంచుకున్నారు. ఊపిరితిత్తుల్లో ఒత్తిడి మించిపోయింది, ఇప్పుడు గుండె కోస్తే బల్ల మీదే పోవచ్చు, నాలుగైదేండ్ల కింద వచ్చింటే చిన్న పని అన్నారు. చేయించుకుంటావా అని ఆమెనే అడిగినారు. రెండు రోజులు ఆలోచించి వద్దంది.

పులివెందులలో మహీన్ ఇంటికి పోయింది. ముబారక్ సెలవు పెట్టి వచ్చినాడు. నేను నెలకోసారి పోయేదాన్ని. అమూల్య కూడా రెండుసార్లు వచ్చిందంట, బత్తాయిలు తెచ్చి, ఊరికే కూర్చుని మాట్లాడి పోయిందంట. "ఆ పిల్ల పాసయ్యిందక్కా" అని సంతోషంగా చెప్పింది షాహీదా. పెద్ద సార్ మీద కోపం లేదా అని అడిగితే, "నేను గూడా అడగలేదు గదా, ఏం బాగుందని" అంది. ఆ మాట నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు, ఎందుకంటే అడగాల్సింది ఆమె కాదు.

వానాకాలం మొదట్లో, ఒక శుక్రవారం పొద్దున పోయింది. నలభై ఆరేళ్ళు.

ఇప్పుడు ఆమె మిషన్ మీద అఖ్తర్ బీ కుడుతోంది. మైదుకూరు నుంచి వస్తుంది. పనిలో చేరిన మొదటి వారం ఆమెను కూర్చోబెట్టి, ఒంట్లో ఎట్లుంది, ఆయాసం గీయాసం ఏమన్నా ఉందా, నిద్ర పడుతుందా అని అడిగినాను. అఖ్తర్ బీ ముఖం పాలిపోయింది. చేతిలో చీర మడిచి పక్కన పెట్టి లేచి నిలబడింది.

"నాకేం జబ్బు లేదక్కా. బాగుండా. పనిలోంచి తీసేయద్దు."