అన్ని గ్యాసులూ ఒకే బండలో

నేను పనిచేసిన ఇంట్లో భోజనాల బల్ల మీద భోజనం పెట్టడానికి చోటుండేది కాదు. బల్ల నిండా బాబా కాగితాలే. బాబా అంటే ఆ ఇంటి యజమాని. గల్ఫులో ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళం యజమానిని బాబా అనీ, యజమానురాలిని మామా అనీ పిలవాలి. నాకంటే కాస్త పెద్దవాడు, అంతే. అలాంటి మనిషిని బాబా అనడానికి మొదట్లో నోరు తిరగలేదు. తర్వాత అలవాటైంది. అక్కడ ఎండ తప్ప అన్నీ అలవాటయ్యాయి.

తొంభైల్లో మాట ఇది. బహ్రెయిన్‌లో, అద్లియాలో ఉండేది ఆ ఇల్లు. బాబాది సర్కారు ఆఫీసులో ఉద్యోగం. గల్ఫులో ఆరు దేశాలు కలిసి ఒక కూటమి కట్టుకున్నాయి. కరెంటు వాడకానికీ, గాలి పాడుకాకుండా చూడడానికీ ఆరింటికీ ఒకే రకం నిబంధనలు ఉండాలని ఒప్పుకున్నాయి. తమ దేశం చట్టాలు కూటమి కోరినట్టు ఉన్నాయో లేదో చూసి, లేనిచోట దిద్దడం బాబా పని. ఈ సంగతి నాకు ఆయనే చెప్పాడు, కాగితాలు తీస్తే అన్నం పెడతానని నేను ఒకరోజు విసుక్కున్నప్పుడు.

"ఆరుగురు అన్నదమ్ముల చేత ఒకే కూర తినిపించాలి. ఒకడికి ఉప్పు ఎక్కువ కావాలి, ఒకడికి అసలు వద్దు. అదీ నా ఉద్యోగం" అన్నాడు, వచ్చీరాని హిందీలో.

నెలకోసారి ఏదో ఒక దేశంలో సమావేశానికి వెళ్ళేవాడు. తిరిగొచ్చాక ముఖం పీక్కుపోయి ఉండేది. అక్కడ ఒక మాట మారితే ఇక్కడ బల్ల మీద దొంతరంతా మళ్ళీ మొదటికొచ్చేది. ఆయన ముందు పెట్టిన చాయ్ చల్లారిపోయేది. వేడిచేసి తెచ్చేదాన్ని, మళ్ళీ చల్లారిపోయేది. ఆ మనిషిని చూస్తే జాలేసేది, ఒళ్ళూ మండేది. ఆయన అలసిపోతే కుర్చీలో వెనక్కి వాలేవాడు. నాకు వాలడానికి గోడ కూడా దొరికేది కాదు, ఆ గోడ తుడవాల్సింది కూడా నేనే.

ఆ కాగితాలకీ నాకూ ఏ సంబంధమూ లేదనే అనుకున్నాను చాలాకాలం.

మా ఆయన గుదైబియాలో ఏసీలు, ఫ్రిజ్జులు బాగుచేసే షాపులో మెకానిక్కు. ముందు ఆయన వెళ్ళాడు, ఏజెంటు చుట్టూ తిరిగి తిరిగి వెనకాల నేనూ చేరాను. మొగుడికీ పెళ్ళానికీ ఒకే దీవిలో పని దొరకడం పెట్టిపుట్టిన రాత అని మా కోనసీమలో అందరూ అన్నారు. నిజమే. కాకపోతే ఆయన షాపు మీద గదిలో మగవాళ్ళ గుంపుతో, నేను వంటగది పక్క ఇరుకు గదిలో. శుక్రవారం మధ్యాహ్నం గిన్నెలు తోమేశాక సాయంత్రం నమాజు వేళ దాకా నాకు సెలవు. ఆ కాసేపే మేం మొగుడూ పెళ్ళాలం.

కలుసుకోవడానికి మాకు గది లేదు. గుదైబియాలో ఒక లాండ్రీ పక్కన చిన్న కఫెటేరియా ఉండేది. లోపలి మూల బల్ల మాది. ఒక పరోటా, రెండు చాయ్‌లు తెప్పించుకుని, గ్లాసులు ఖాళీ అయినా లేవకుండా కూర్చునేవాళ్ళం. వారానికి సరిపడా కబుర్లూ, వారానికి సరిపడా పోట్లాటా ఆ ఒక్కపూటలోనే అయిపోవాలి. ఎక్కువగా పోట్లాటే ముందు అయిపోయేది. ఆయన ఆలస్యంగా వచ్చాడని నేను, నేను చిక్కిపోయానని ఆయన.

ఒక శుక్రవారం ఆయన ఉత్సాహంగా వచ్చాడు. షాపుకి కొత్త మిషను ఇచ్చారట.

"ఇంతకుముందు ఏసీ ఇప్పితే లోపలున్న గ్యాసు బుస్సుమని గాల్లోకి వదిలేసేవోళ్ళం. ఇప్పుడు వదలకూడదంట. ఈ మిషను పెట్టి బండలోకి లాగేయాలి. ఆ గ్యాసు పైకెళ్ళి ఆకాశానికి చిల్లు పెడతందంట" అన్నాడు.

"ఎవరు చెప్పారండీ?"

"సర్కారోళ్ళు. ఆరు దేశాల రూలంట. పట్టకపోతే షాపుకి కొత్త గ్యాసు అమ్మరు."

అప్పుడు వెలిగింది నాకు, బల్ల మీద నేను దుమ్ము దులుపుతున్నది ఏమిటో. బాబా కాగితాలు గుదైబియా దాకా నడిచొచ్చాయని ఆయనతో అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ మిషను వాడడం నేర్పడానికి సర్కారు ఒక పూర్తి రోజు క్లాసు పెట్టింది. షాపు నుంచి పెద్ద మెకానిక్కు ఒక్కడే వెళ్ళాడు. వేసవి, చేతినిండా పని. మధ్యాహ్నం భోజనం దాకా ఉండి షాపుకి వచ్చేశాడు. వచ్చి అందరినీ నిలబెట్టి, "భాయ్, గ్యాస్ వదలొద్దు, పట్టండి. యల్లా, ఇక పని చూడండి" అన్నాడు. అంతే క్లాసు. మిషనుతోపాటు ఒక ఖాళీ బండ ఇచ్చారు. మిగతావి షాపు కొనుక్కోవాలి. కఫీల్, అంటే ఆ షాపు యజమాని, ఒక్కటి సరిపోదా అన్నాడు.

మా ఆయన ఉండే గదిలో ఒక పద్ధతి ఉంది. శ్రీకాకుళం వాళ్ళు, కరీంనగర్ వాళ్ళు, మా గోదావరి వాళ్ళు, తలా ఒక కూర వండుకునేవారు. గురువారం మిగిలినవన్నీ ఒకే గిన్నెలో కలిపి వేడిచేసి, శుక్రవారం పొద్దున్న అందరూ తినేవారు. పప్పులో చేపల పులుసు, అందులో పచ్చిపులుసు. పారేయడం అనేది వాళ్ళకి తెలియదు. గ్యాసు విషయంలోనూ అదే చేశారు. ఫ్రిజ్జులో ఉండే గ్యాసు వేరు, ఏసీలో ఉండే గ్యాసు వేరు అని వాళ్ళకి తెలుసు. నింపేటప్పుడు ఎప్పుడూ పొరపాటు పడలేదు. కానీ ఇది తీసేసిన గ్యాసు, మిగిలింది. మిగిలినదాన్ని విడివిడిగా దాచడం ఏమిటి? దేన్లోంచి లాగినా ఆ ఒక్క బండలోకే తోశారు. బండ నిండుతోందని మా ఆయన వారం వారం మురిసిపోతూ చెప్పేవాడు. చుక్క పోనివ్వట్లేదు అనేవాడు. విని నేనూ మురిసిపోయాను.

కర్జకాన్‌లో ఒక ఇంటి నుంచి ఫ్రిజ్జు బాగుచేయమని ఫోనొచ్చింది. షాపులో కొత్త గ్యాసు అయిపోయింది. ఇంట్లో ముసలావిడ ఒక్కతే ఉందట, ఫ్రిజ్జు నిండా చేపలట. ఆవిడ బాధ చూడలేక మా ఆయన ఆ పట్టిన బండలోంచే నింపాడు. వారం తిరక్కుండా కంప్రెసర్ పట్టేసింది. చేపలన్నీ కుళ్ళాయి. ఆవిడ కొడుకు సర్కారు ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చాడు. వాళ్ళొచ్చి బండ పరీక్ష చేశారు. అన్ని గ్యాసులూ కలిసిపోయాయి, ఇది దేనికీ పనికిరాదు అని తేల్చారు. షాపు పర్మిషన్ ఆపేశారు.

ఆ శుక్రవారం మా ఆయన కఫెటేరియాకి నాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు. చాయ్ తాగలేదు.

"ఖలాస్ అన్నాడే కఫీల్. వీసా కేన్సిల్ చేత్తానన్నాడు. తప్పు చేసినోణ్ణి పంపేశానని చూపిత్తే పర్మిషన్ తిరిగిత్తారని ఆడి ఆశ."

"పెద్ద మెకానిక్కు సగం క్లాసుకే వచ్చేశాడని చెప్పకపోయారా?"

"చెప్పాను. ఆ ఫ్రిజ్జులో గ్యాసు కొట్టిన చెయ్యి ఎవరిదని అడిగాడు. నాదే గదా."

నాకు కోపం తన్నుకొచ్చింది. ఆయన మీద, కఫీల్ మీద, కర్జకాన్ చేపల మీద కూడా. ఆయన వెళ్ళిపోతే నేనూ వెళ్ళిపోవాలా అని ఇద్దరం అనుకున్నాం. ఇద్దరం ఒకేసారి తిరిగి వెళితే, ఇన్నేళ్ళు విడివిడిగా ఉన్నదానికి అర్థం ఏముంటుంది? పైగా నా కాంట్రాక్టు ఇంకా ఉంది. ఒకరం ఉండాలి. ఉండేది నేనే.

మర్నాడు మధ్యాహ్నం బాబా కాగితాల ముందు కూర్చున్నప్పుడు చాయ్ పెట్టి అక్కడే నిలబడ్డాను. అంతా చెప్పాను. ఆయన పెన్ను మూసి విన్నాడు.

"ఏవేవి కలిపాడు?" అని అడిగాడు.

"పట్టినవన్నీ బాబా."

కళ్ళు మూసుకున్నాడు. "కలిసిపోయాక విడదీసే యంత్రం ఈ దేశంలో లేదు. విడివిడి బండల్లో పట్టాలని స్పష్టంగా రాశాం కదా."

"ఏ భాషలో రాశారు?"

"అరబ్బీ, ఇంగ్లీషు. హిందీలో, ఉర్దూలో కూడా వేయాలని నేనే అడిగాను. ముందు అరబ్బీ మాటలకు ఆరు దేశాలూ ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాకే తర్జుమా. అది వచ్చే సమావేశంలో."

మా ఆయనకి హిందీ మాట్లాడడమే గానీ చదవడం రాదు. తెలుగు వంతు వచ్చేసరికి ఎన్ని సమావేశాలు కావాలో అని లోపలే అనుకున్నాను.

"ఆ ఒక్క షాపునీ వదిలేయడానికి లేదా బాబా?"

"మేం ఒకటి వదిలామని తెలిస్తే మిగతా ఐదు దేశాలూ అడుగుతాయి. అప్పుడు వాళ్ళూ వదులుతారు. ఇక ఈ నిబంధన ఉండి ఏం లాభం?" అని ఫోను దగ్గరికి లాక్కున్నాడు. కఫీల్‌తో చాలాసేపు మెల్లగా మాట్లాడాడు. వంటగది గుమ్మంలో నిలబడి, అర్థంకాని అరబ్బీలో మా శుక్రవారాలు ఏమవుతున్నాయో వింటూ ఉన్నాను. ఫోను పెట్టేసి నా వైపు చూడకుండానే, "వినట్లేదు" అన్నాడు. కాగితాలు మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు.

ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. నిబంధన మంచిదే. ఆకాశానికి చిల్లు పడకూడదు. కానీ అది మంచిదని ఒప్పుకునే ఓపిక ఆ రోజు నాలో లేదు. చల్లారిన చాయ్ తీసుకెళ్ళి వేడిచేశాను.

చివరి శుక్రవారం కూడా ఆ మూల బల్ల దగ్గరే కూర్చున్నాం. రెండురోజుల్లో ఆయన విమానం. పోట్లాడుకోలేదు. పోట్లాడుకోకపోవడం వల్ల ఏం మాట్లాడాలో తోచలేదు. ఆయన గోళ్ళ సందుల్లో ఇంకా నూనె మరకలున్నాయి.

"నాకు తెలీక చేశానే. విడిగా పట్టమని ఒక్క మాట చెప్తే పట్టనా?" అన్నాడు.

"పడతారు. నాకు తెలీదా ఏటి" అన్నాను.

"నువ్వు ఇక్కడ ఒక్కదానివే..." అని ఆపేశాడు. నాకు ఏడుపొచ్చింది. పరోటా తుంపి ఆయన వైపు తోశాను. ఆయన మళ్ళీ నా వైపు తోశాడు. చివరికి అది ఎవరమూ తినలేదు.

నమాజు పిలుపు వినిపించింది. లేచాం. లాండ్రీ ముందు దాకా నడిచి, అక్కడ ఎప్పుడూ ఆగినట్టే ఆగాం. వారం వారం విడిపోయేటప్పుడు ఆయన అనే మాట ఒకటుంది. ఏ ధ్యాసలో ఉన్నాడో, ఆ రోజూ అదే అన్నాడు.

"సరే మరి. శుక్రవారం కలుద్దాం."

నేనూ వారం వారం అనేదే అన్నాను. "పెందలాడే రండి."

ఆయన అలాగే అని తలూపి రోడ్డు దాటాడు.