పంతొమ్మిది మంది, ఇరవై ఓట్లు

2024 సెప్టెంబరులో మా స్కూలు తెరిచేనాటికి కువైట్‌లో ఎండ ఇంకా తగ్గలేదు. ఫింటాస్ దగ్గర అమెరికన్ సిలబస్ చెప్పే ఒక స్కూల్లో నేను సోషల్ స్టడీస్ టీచరుని. అప్పటికి పదకొండేళ్ళుగా అక్కడే ఉన్నాను. ఆ ఏడు పన్నెండో తరగతికి అమెరికన్ గవర్నమెంట్ అనే సబ్జెక్టు నాకు ఇచ్చారు. నవంబరులో అక్కడ అధ్యక్ష ఎన్నిక ఉంది కాబట్టి పిల్లలకు ఆసక్తి బాగానే ఉంది. అమెరికా ముఖం చూడని పిల్లలు అమెరికా గురించి పోట్లాడుకుంటుంటే వినడం నాకూ సరదాగా ఉండేది.

క్లాసులో పంతొమ్మిది మంది. ప్రతి గురువారం ఒక ప్రశ్న బోర్డు మీద రాసేదాన్ని. పిల్లలు చిన్న చీటీ మీద అవును, కాదు అని ఓటు రాసి, కింద రెండు మూడు వాక్యాల్లో కారణం రాసి, పేరు రాయకుండా డబ్బాలో వేయాలి. డబ్బా అంటే ఖర్జూరం పెట్టెకు నేనే గాటు పెట్టి తయారుచేసినది. దీన్ని మేము సీక్రెట్ బ్యాలెట్ అంటాం. ఎవరు ఏమి రాశారో నేను కూడా అడగకూడదన్నది నియమం. అలా అయితేనే పిల్లలు మనసులో మాట రాస్తారు.

మొదటి ప్రశ్న ఎలక్టోరల్ కాలేజీ గురించి. అక్కడ జనం వేసిన ఓట్లన్నీ నేరుగా కూడి అధ్యక్షుణ్ణి ఎన్నుకోరు. ఒక్కో రాష్ట్రానికి ఇన్ని ఓట్లని ఉంటాయి, ఆ లెక్కలో గెలవాలి. ఆ పద్ధతి ఉండాలా, పోవాలా? ఆ రోజు చీటీలు లెక్కపెడితే ఇరవై వచ్చాయి. ఎవరో రెండు వేసి ఉంటారని ఊరుకున్నాను. రెండో గురువారం కూడా ఇరవై. మూడో వారం పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి నా కళ్ళ ముందే వేయించాను. ఇంటికి వెళ్ళి లెక్కపెడితే ఇరవై.

ఎక్కువైన చీటీ ఏదో కనిపెట్టడం కష్టం కాలేదు. దాని అక్షరాలు ఎడమకు వాలి ఉండేవి. రాస్తున్న చేతి అంచు తడి సిరా మీద రాసుకుపోయినట్టు ప్రతి వరుసా మసకగా అలుక్కుపోయి ఉండేది. ఎడమచేత్తో రాసేవాళ్ళ కాగితాలు అలా ఉంటాయి. తర్వాతి వారం పిల్లలు రాస్తుండగా వరుసల మధ్య తిరిగి చూశాను. నా క్లాసులో ఎడమచేతివాటం వాళ్ళు ఒక్కరూ లేరు.

అయితే నన్ను పట్టుకున్నది చేతిరాత కాదు, అందులోని మాట. పిల్లలు ఇంగ్లీషులో రాసేవారు, నేను తెలుగులో చెబుతున్నాను. అక్కడి సుప్రీం కోర్టు జడ్జీలకు జీవితాంతం పదవి ఉండాలా అన్న ప్రశ్నకు మిగతా వాళ్ళు ముసలితనం గురించి, అనుభవం గురించి రాశారు. ఆ చీటీలో ఇలా ఉంది: "ఉండకూడదు. చనిపోతే పదవి పోతుందని అంటున్నారు. చనిపోతే మాట ఎందుకు చెల్లదో ఎవరూ చెప్పడం లేదు."

ఇంకో వారం జనాభా లెక్కల ప్రశ్న. ఓటు లేని విదేశీయుల్ని కూడా లెక్కపెట్టి ఒక్కో రాష్ట్రానికి ఎన్ని సీట్లో అక్కడ తేలుస్తారు. అది న్యాయమా అని అడిగాను. మసక చీటీ ఇలా జవాబు చెప్పింది: "వాళ్ళు లెక్కలో ఉంటారు, ఓటులో ఉండరు. నేను ఓటులో ఉన్నాను, లెక్కలో లేను. నా గురించి ఎవరు మాట్లాడతారు?"

అది చదివాక చేతిలోని టీ తాగలేకపోయాను. మంగఫ్‌లో మా ఫ్లాటు చిన్నది. మధ్యాహ్నం మూడు గంటలకు, కిటికీ నిండా వెలుతురు ఉండగా, లేచి వెళ్ళి అన్ని గదులూ ఒకసారి చూసి వచ్చాను. ఎందుకు చూశానంటే చెప్పలేను.

అక్టోబరులో ఒక గురువారం నిఖిల్ అనే అబ్బాయి జ్వరమని రాలేదు. పద్దెనిమిది మంది ఉన్నారు, పద్దెనిమిది చీటీలే వచ్చాయి. మసక చీటీ లేదు.

నిఖిల్‌ది విజయవాడ కుటుంబం. తండ్రి ఆయిల్ కంపెనీలో ఇంజనీరు. పిల్లాడు ఒహాయోలో పుట్టాడు, నాలుగేళ్ళ వయసు వరకు అక్కడే పెరిగాడు, కాబట్టి అమెరికన్ పౌరుడు. క్లాసులో నిజంగా ఓటు వేయగలిగినవాడు అతనొక్కడే. ఆ నెలలోనే పద్దెనిమిది నిండాయి. రెండేళ్ళ కిందట మా స్కూల్లో చేరాడు. నెమ్మదైనవాడు, కుడిచేత్తో గుండ్రంగా రాస్తాడు.

రెండు రోజులు ఆలోచించి వాళ్ళ ఇంటికి ఫోన్ చేశాను. తల్లి పేరెంట్స్ మీటింగులకు ఎప్పుడూ రాలేదు. ఒకసారి వచ్చి కలవనా అని అడిగితే, రమ్మని సంతోషంగా పిలిచింది. ఆ సాయంత్రం దుమ్ము లేచింది. సముద్రం ఒడ్డు రోడ్డు మీద కార్లు లైట్లు వేసుకుని నడుస్తున్నాయి. ఆకాశం, ఇసుక, ఎదుటి బిల్డింగులు ఒకే రంగులో ఉన్నాయి.

తలుపు తీసింది రెడ్డెమ్మ, ఆ ఇంట్లో పనిచేసే మనిషి. ఆమెది అన్నమయ్య జిల్లా. తల్లి సునీత గారు నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చారు.

"నిఖిల్ ట్యూషన్‌కి వెళ్ళాడండీ. నేహా ఉంది కానీ, దుమ్ము కదా, గది దాటి రానివ్వను. దానికి ఆయాసం."

"నేహా ఎవరండీ?"

"నిఖిల్ చెప్పలేదా? వీళ్ళు కవలలు కదండీ. దీన్ని ఇంట్లోనే చదివిస్తున్నాం. ఇద్దరికీ ఒకటే గొడవ టీచర్ గారూ, ఎప్పుడూ అమెరికా ఎలక్షన్లే. వాడు ఔనంటే ఇది కాదంటుంది. ఇది ఎడమచేత్తో రాస్తుంది కదా, వాడు దాన్ని ఏడిపిస్తుంటాడు."

నా గుండెల మీంచి బరువు దిగినట్టయింది. చెల్లెలు ఇంట్లో రాస్తోంది, అన్న తెచ్చి డబ్బాలో వేస్తున్నాడు. ఇంత చిన్న విషయానికా నేను నిద్ర పాడుచేసుకున్నది అనుకున్నాను. నడవా చివర తలుపు ఓరగా తీసి ఉంది. లోపల టేబుల్ లైటు వెలుగుతోంది, ఏసీ చప్పుడు వినిపిస్తోంది. పక్కపక్కన రెండు రాత బల్లలు, ఒకదాని మీద తెరిచిన నోట్‌బుక్, దాని మీద జుట్టు క్లిప్పు కనిపించాయి. వెళ్ళేముందు ఆ తలుపు దగ్గర ఆగాను.

"నేహా, నీ అభిప్రాయాలు చాలా బాగుంటాయమ్మా. ఆరోగ్యం చూసుకో" అన్నాను.

జవాబు రాలేదు. సిగ్గేమో అనుకున్నాను. సునీత గారి ముఖం వెలిగిపోయింది. నా రెండు చేతులూ పట్టుకుని, "ఎంత సంతోషమో దానికి" అన్నారు.

రెడ్డెమ్మ లిఫ్టు దాకా వచ్చింది. లిఫ్టు తలుపు తెరుచుకున్నాక దాన్ని చేత్తో ఆపి నన్ను చూసింది.

"ఎవురితో మాట్లాడితివమ్మా నువ్వు?"

"నేహాతో."

"ఆ బిడ్డ పోయి రెండేండ్లాయ తల్లీ. ఈడికి రాకముందు ఖైతాన్‌లో ఉన్నప్పుడు ఇట్లనే దుమ్ము లేసిన దినం ఊపిరాడక ఆస్పత్రిలో పాయ. మేడమ్ ఒప్పుకోదు. దినామూ ఆ గదిలో ఏసీ ఏసేది, లైటు ఏసేది నేనే. సారు ఏమీ అనడు. పిల్లోడూ ఏమీ అనడు. నేనేమని చెప్తును?"

లిఫ్టులో ఒక్కదాన్నే కిందికి దిగాను. లేని పిల్లతో మాట్లాడానన్నదానికన్నా, నేను మాట్లాడగానే ఆ తల్లి ముఖంలో వచ్చిన వెలుగు నన్ను ఎక్కువ భయపెట్టింది. ఆ ఇంటి అబద్ధానికి బయటినుంచి వచ్చిన మొదటి సాక్షిని నేనే.

మర్నాడు స్కూలు వదిలాక నిఖిల్‌ని ఉండమన్నాను. చీటీలు బల్ల మీద పెట్టాను. అతను వాటిని చూసి కంగారు పడలేదు. ఎన్నాళ్ళుగానో ఎవరైనా అడుగుతారని చూస్తున్నట్టు కూర్చున్నాడు.

"ఇవి నువ్వు రాసినవేనా?"

"చెయ్యి నాదే మేడమ్. మాటలు తనవి."

పెన్ను ఎడమచేతిలోకి తీసుకుని ఒక కాగితం మీద రాయడం మొదలుపెట్టాడు. తల ఒక పక్కకు వాలింది, కింది పెదవి పళ్ళ మధ్యకు వచ్చింది. రోజూ నేను చూసే పిల్లాడు కాదనిపించింది. రాసింది మాత్రం నేహా అన్న పేరొక్కటే. ఆ మసక అక్షరాలు చూస్తూ, "ఆరు నెలలు పట్టింది నేర్చుకోవడానికి" అన్నాడు.

"నేను కుడిచేత్తో రాసిందానికి తను ఏం అనేదో నాకు తెలుసు. రాయకపోతే తలలో అరుస్తూనే ఉంటుంది. రాసి నా చీటీ మడతలో పెట్టి వేస్తే ఊరుకుంటుంది."

అంతవరకు అది దుఃఖం. నేను ఓదార్చి, స్కూలు కౌన్సెలర్‌కి చెప్పి, ఇంటికి పంపేదాన్ని. కానీ అతను బ్యాగులోంచి రెండు ఫారాలు తీశాడు. దేశం బయట ఉన్న అమెరికన్ పౌరులు తమ బ్యాలెట్ తమకు పంపమని పెట్టుకునే దరఖాస్తు అది. ఆబ్సెంటీ బ్యాలెట్ అంటారు. ఒకటి అతని పేరు మీద ఉంది. రెండోది నేహా పేరు మీద, సంతకంతో సహా నింపి ఉంది. నేహా పాస్‌పోర్టు గడువు ఇంకా ఉంది. ఆమె పోయిందని తండ్రి అమెరికన్ ఎంబసీకి తెలియజేయలేదు.

"వాళ్ళ లిస్టులో తను బతికే ఉంది మేడమ్. పద్దెనిమిది నిండాయి. అందరికన్నా ఎక్కువ చదివింది తనే. రేపు పంపిస్తాను."

అది నేరమని చెప్పాను. జైలు దాకా పోవచ్చన్నాను. "తెలుసు" అన్నాడు. ఆ మాట అతనికి తగలనే లేదు. చట్టం చెప్పడం ఆపేశాను. బయట స్కూలు బస్సులు వెళ్ళిపోయాయి.

"నిఖిల్, బతికున్నప్పుడు తను నీ ఓటు గురించి ఏమైనా అనేదా?"

కొద్దిగా నవ్వాడు. "నీకు బుర్ర లేదు, నీ ఓటు కూడా నేనే వేస్తాననేది."

"వేయనిచ్చేవాడివా?"

"చస్తే వేయనివ్వను."

"ఎందుకు?"

"అది నాది కదా." అన్నాక ఆగిపోయాడు. ఆ గదిలో ఇంకెవరో కూడా జవాబు కోసం చూస్తున్నట్టు అనిపించిన క్షణం అది. నేను పక్కకు తల తిప్పలేదు.

అతను ఫారాన్ని సగానికి చింపాడు, మళ్ళీ సగానికి చింపాడు. తర్వాత బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. రెండేళ్ళలో అదే మొదటిసారట.

ఆ రోజే తండ్రికి ఫోన్ చేశాను. ఆయన స్కూలుకు వచ్చి, నిలబడే విన్నారు.

"నాకు అన్నీ తెలుసండీ. ఎంబసీకి చెబితే కాగితం మీద కూడా పోతుంది కదా అని ఆగాను. అందరం దాన్ని కాపాడుతున్నాం అనుకున్నాను. వీణ్ణి చూసుకోలేదు."

తర్వాతి వారం ఆయన నేహా పాస్‌పోర్టు, ఆస్పత్రి కాగితం తీసుకుని ఎంబసీకి వెళ్ళారు. వాళ్ళు పాస్‌పోర్టును రద్దుచేసి, అట్టకు చిల్లులు కొట్టి తిరిగి ఇచ్చారు. ఆ రాత్రంతా సునీత గారు ఆ చిల్లుల్లో వేలు పెట్టి తడుముతూ కూర్చున్నారని, తెల్లారాక తనే వెళ్ళి ఆ గదిలో ఏసీ ఆపారని నిఖిల్ చెప్పాడు. ఇప్పుడావిడ డాక్టరు దగ్గరికి వెళుతున్నారు. ఒక్కో రోజు బాగుంటారు, ఒక్కో రోజు మళ్ళీ రెండు గ్లాసుల్లో పాలు పోస్తారు.

నిఖిల్ తన ఓటు తను వేశాడు. ఎవరికో నేను అడగలేదు.

ఈ ఉద్యోగంలో నేను పిల్లల అభిప్రాయాలకు మార్కులు వేస్తాను. ఆధారం ఉందా, వాదన నిలుస్తుందా అని చూస్తాను. ఆ ఏడాది తర్వాత ఇంకొకటి కూడా చూస్తున్నాను: ఈ పిల్ల ఎవరికి జవాబు చెబుతోంది, ఎవరి మాట కాదనడానికి ఇంత గట్టిగా రాస్తోంది అని. ఒక మనిషి అభిప్రాయం వెనుక ఇంకో మనిషి ఉంటారని, ఆ మనిషి పోయినా వాదన ఆగదని నాకు ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు.

అక్టోబరు తర్వాత నిఖిల్ చీటీలు మామూలుగా ఉండేవి. తప్పులు లేవు, పదును కూడా లేదు. నేను చేసింది సరైన పనే. ఆ క్లాసులో అంత మంచి వాదన ఆ తర్వాత వినలేదన్నది కూడా నిజమే. ఈ రెంటిలో ఒకటి చెప్పి రెండోది దాచడం నాకు చేతకాదు.