పాలిష్ మేస్త్రి ముక్కు, బుడంకాయ పళ్ళు

పాత బల్లని పాలిష్ మేస్త్రి చేతికిస్తే, తిరిగొచ్చాక దాన్ని సొంతదారే గుర్తుపట్టలేకపోయేవాడు. ముందు గరుకు కాగితంతో రుద్దడం, తర్వాత లక్క కరిగించిన స్పిరిట్‌లో గుడ్డ ముంచి పూత మీద పూత వెయ్యడం, మధ్యమధ్య వంగి వాసన చూడడం. పూత ఆరిందో లేదో ఈ పనిలో ముక్కే చెప్పాలి, వేలు పెడితే మచ్చ పడుతుంది. మేస్త్రి కూడా వంగేవాడు, కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చేవాడు, "ఇంకో గంట ఆగాలి" అనేవాడు. చూసేవాళ్ళు అబ్బో అనుకునేవాళ్ళు.

అదంతా ఉత్త నటన. మూసిన గదుల్లో ఏళ్ళ తరబడి థిన్నర్ పీల్చీ పీల్చీ ఆయన ముక్కు ఎప్పుడో చచ్చిపోయింది. ఒకరోజు వంటింట్లో పాలు మాడిపోతుంటే, గోడకి ఇవతల కూర్చుని తాపీగా పేపరు చదువుకుంటున్నాడు. భార్య వచ్చి గగ్గోలు పెట్టాకే ఆయనకి సంగతి అర్థమైంది. ధ్యాస ఎక్కడో ఉందని అప్పటికి బొంకేశాడు. ముక్కు లేని పాలిష్‌వాడిని పనికెవరు పిలుస్తారు? అందుకని ఎవరికీ చెప్పలేదు. భార్యకి చెబితే వీధికంతా చెప్పినట్టే అనుకుని ఆమెకీ చెప్పలేదు. ఎండనీ గాలినీ బట్టి అంచనాలు కట్టుకుంటూ పని నెట్టుకొచ్చాడు.

బుడంకాయ ఆ ఇంటికి రావడం కూడా పని వల్లే. ఇల్లు ఖాళీ చేస్తున్న ఒకాయన బీరువాకి పాలిష్ పెట్టించుకుని, బీరువాని లారీ ఎక్కించి, కుక్కపిల్లని మాత్రం మేస్త్రి ఒళ్ళో పెట్టి చక్కా పోయాడు. గుప్పెడంత కుక్క. పెరిగాక రెండు గుప్పెళ్ళయింది, అంతే. పిల్లాజెల్లా లేని ఇల్లు. అది మేస్త్రి పొట్ట మీద పడుకునేది, ఆయన గురక పెడితే లేచి గడ్డం నాకేది. ఆయనకి ప్రాణం దాని మీదే.

వచ్చిన చిక్కల్లా దాని నోటితోనే.

"ఏమండీ, దీని నోరు కంపు కొడుతోంది. ఒకసారి చూడండి" అంది భార్య ఒకరోజు.

మేస్త్రి దాన్ని ఎత్తుకుని, మూతి దగ్గర ముక్కు పెట్టి, బల్ల దగ్గర చేసినట్టే దీర్ఘంగా పీల్చాడు. "ఏం లేదే" అన్నాడు.

"మురిక్కాలవలా ఉంటే ఏం లేదంటారేంటి?"

"నీకు మొదట్నుంచీ అదంటే గిట్టదు. అందుకే కంపు అనిపిస్తోంది."

ఈ మాటలే ఏడాది పాటు తిరిగి తిరిగి జరిగాయి. ప్రతిసారీ ఆయన పీల్చడం, ఏం లేదనడం, ఆమె మూతి ముడుచుకుని పోవడం. ముక్కుతో తెలుసుకోలేనిది పోనీ కంటితోనైనా చూశాడా అంటే, చూశాడు మహానుభావుడు. బుడంకాయ పెదవి ఎత్తి చూస్తే పళ్ళు గోధుమరంగులో నిగనిగలాడుతున్నాయి. పాత టేకుకి వయసుతో వచ్చే రంగు లాంటిదే ఇదీ అనుకుని మురిసిపోయాడు. అది గట్టి బిస్కెట్లు వదిలేస్తుంటే గారాబం ఎక్కువైందనుకుని పాలల్లో నానబెట్టి పెట్టాడు.

చివరికి భార్య తేల్చి చెప్పేసింది. ఆదివారం ఆమె తమ్ముడు వచ్చి బుడంకాయని తీసుకుపోతాడు, తన కలప డిపో వాకిట్లో కట్టేసుకుంటాడు. మేస్త్రికి ఆ వారమంతా ముద్ద దిగలేదు. దుంగల మధ్య, లారీల మధ్య, రెండు గుప్పెళ్ళ కుక్క ఎన్నాళ్ళు బతుకుతుంది?

ఆదివారం బావమరిది వచ్చి దాన్ని ఎత్తుకున్నాడు. అది అలవాటు కొద్దీ అతని గడ్డం నాకబోయింది. అతను గబుక్కున దించేసి చేత్తో ముక్కు మూసుకున్నాడు.

"బావా, ఇదేం కంపు? నా డిపోలో చచ్చిన ఎలకలు నయం. దీని లోపల ఏదో కుళ్ళిపోతోంది. ముందు డాక్టరుకి చూపించండి, తర్వాత చూద్దాం."

మేస్త్రి బుడంకాయని ఎత్తుకుని భార్యతో కలిసి బయల్దేరాడు. బావమరిదికి కుక్క మీద కోపం లేదు, అబద్ధమాడాల్సిన అవసరమూ లేదు.

పశువుల డాక్టరమ్మ బుడంకాయ పెదవి ఎత్తగానే అది కుయ్యిమని వెనక్కి తగ్గింది.

"చిన్న కుక్కలకి దవడ చిన్నది, పళ్ళు మాత్రం తక్కువేం ఉండవు. ఇరుక్కుని మొలుస్తాయి" అందామె. "సందుల్లో పాచి చేరుతుంది. తుడవకపోతే అదే గట్టిపడి గార కడుతుంది. గార చిగుళ్ళ కిందికి దిగింది, పళ్ళ వేర్లు కుళ్ళాయి. రోజూ వేలికి గుడ్డ చుట్టి తుడిచినా ఇంతదాకా వచ్చేది కాదు."

బతుకంతా గుడ్డతో రుద్దడమే పనైన మనిషి తల దించుకున్నాడు.

"వాసన ఎప్పట్నుంచి వస్తోంది?"

"ఏడాది" అంది భార్య.

"ఏడాదా? ఒళ్ళోనే పడుకుంటుందన్నారు, మీకు తెలియలేదా?" డాక్టరమ్మ మేస్త్రి వైపు తిరిగింది.

ఇక్కడ కూడా బొంకొచ్చు. జలుబని చెప్పొచ్చు. బుడంకాయ బల్ల మీద వణుకుతూ ఆయన్నే చూస్తోంది.

"నాకు ముక్కు పనిచెయ్యదు డాక్టరమ్మా. చాలా ఏళ్ళయింది."

భార్య ఆయన వైపు తిరిగి అంది, "అయితే ఏడాదిగా నన్ను అబద్ధాలకోరుని చేశారన్నమాట."

మేస్త్రికి సిగ్గేసింది. కుక్క ఏడాది పాటు నొప్పి పడుతుంటే, ఆ నొప్పి సంగతి చెప్పిన ఒక్క మనిషి నోరూ ఆయనే మూయించాడు.

కుళ్ళిన పళ్ళు పీకాలంటే మత్తు ఇవ్వాలి. దాని గుండె అంత గట్టిది కాదు, లేవకపోవచ్చు. పీకకపోతే చీము ఒంట్లోకి పాకుతుంది. ఏం చేద్దామని డాక్టరమ్మ అడిగితే మేస్త్రి భార్య వైపు చూశాడు.

"నువ్వు చెప్పు" అన్నాడు.

"చేయించండి" అంది ఆమె.

బయట బెంచీ మీద ఇద్దరూ ఎడంగా కూర్చున్నారు. మధ్యాహ్నం దాటాక తలుపు తెరుచుకుంది. బుడంకాయ లేచింది. పళ్ళు సగం పైగా పోయాయి. నాలుక ఒక పక్కకి జారి వేలాడుతోంది.

సాయంత్రం దాన్ని తువ్వాలులో చుట్టి ఇంట్లో పడుకోబెట్టారు. మేస్త్రి మూతి దగ్గరకి వంగి, పీల్చబోయి ఆగిపోయాడు.

"వాసన చూసి చెప్తావా?" అని భార్యని అడిగాడు.

ఏనాడూ దాన్ని మొహం దగ్గరకి రానివ్వని మనిషి, నేల మీద కూర్చుని దాని మూతి దగ్గర ముక్కు పెట్టింది. "మందు వాసన. కొంచెం రక్తం వాసన. అంతే."

"కుళ్ళు?"

"లేదు."

అది నిజమో కాదో తేల్చుకోవడానికి ఆయనకి వేరే దారి లేదు. నమ్మాడు. నమ్మి, "కోపం పోయిందా?" అన్నాడు.

"కుక్క సంగతి అడిగారు, చెప్పాను. ఏడాదిగా నేను పడ్డ సంగతి మీరింకా అడగలేదు."

మేస్త్రి ఆమె పక్కనే నేల మీద చతికిలబడి అడిగాడు. ఏడాది సంగతి కదా, భోజనాల వేళ దాటినా ఆమె చెప్పడం పూర్తి కాలేదు. ఆయన ఒక్కసారి కూడా ఏం లేదే అనలేదు.